ఆగస్టు నెలాఖరులో తీరానికి వెళ్తే వలస పిట్టలు కనిపిస్తాయా? ఎక్కడ, ఏ టైముకి?

తీరబాటసారి
అందరికీ నమస్తే. వలస పక్షుల్ని చూడాలంటే వేసవి చివర తీరానికి వెళ్లాలని ఒక విదేశీ పుస్తకంలో చదివాను. మే 28న మా అబ్బాయిని తీసుకుని సూర్యలంక వెళ్లాను. రెండు రోజులు ఎండలో తిరిగితే కాకులు, గద్దలు, నాలుగు తెల్ల కొంగలు కనిపించాయి. వాడి ముఖం చూడలేకపోయాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఆ పుస్తకం రాసినవాళ్లకి వేసవి చివర అంటే ఆగస్టు, సెప్టెంబర్ అని.
అందుకే ఈసారి ముందే అడుగుతున్నాను. ఆగస్టు నెలాఖరులో మన దగ్గర ఏం కనిపిస్తాయి? కాకినాడ దగ్గరి కోరంగి వెళ్లాలా, పులికాట్ సరస్సుకి వెళ్లాలా? రోజులో ఏ టైము మంచిది? 8×42 బైనాక్యులర్ సరిపోతుందా, స్కోప్ (టెలిస్కోప్) ఉండాల్సిందేనా? తొమ్మిదేళ్ల పిల్లాడితో బురదలోకి దిగొచ్చా? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం సైబీరియా కొంగలు అప్పటికి వచ్చేస్తాయా?

ఉప్పుమడి
టైము ఎన్నింటికి అని అడగొద్దండి, పోటు ఎప్పుడు అని అడగండి. నేను మొదటి మూడేళ్లు తెల్లారి ఆరింటికే వెళ్లి కూర్చునేవాడిని. ఆటు ఉన్నప్పుడు బురద కిలోమీటర్ల మేర బయటపడుతుంది, పిట్టలన్నీ ఆ చివరెక్కడో చుక్కల్లా ఉంటాయి. పైగా మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు చూస్తే సూర్యుడు కళ్లలోనే ఉంటాడు, ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది.
పోటు ఎక్కుతుంటే నీళ్లే వాటిని మీ వైపు తోసుకొస్తాయి. నిండు పోటుకి రెండు గంటల ముందే వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చోండి. సాయంత్రం పోటు దొరికితే ఇంకా మంచిది, వెలుగు మన వీపు వెనక ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాత రెండు రోజులు పెద్ద పోటు వస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో నీళ్లు పెద్దగా కదలవు, ఆ రోజుల్లో నేను గడప దాటను.

నౌపడా_బిడ్డ
మా తేలినీలాపురం గురించి అడిగినందుకు సంతోషం. సెప్టెంబర్ నుంచి రండి. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మా చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. మా అమ్మమ్మ వాటిని చూసి, పురిటికి వచ్చిన ఆడపిల్లలు అంటుంది. చెట్టు మీద రాయి వేసినవాడిని ఊరు ఊరుకోదు.

రింగు_పరిశీలన
సైబీరియా మాట ఇకనైనా ఆపండి. తేలినీలాపురం వచ్చేవి రెండే ముఖ్యం: ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్), గూడబాతు (స్పాట్ బిల్డ్ పెలికాన్). ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియాలో వాటి గూడు ఎవరూ చూడలేదు, చూడరు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి దేశంలోనే తిరుగుతాయి. ఇరవై రెండేళ్లుగా తీరపక్షుల్ని లెక్కపెడుతున్నాను. ప్రతి ఏడూ ఇదే మాట వినాల్సి వస్తోంది.

నౌపడా_బిడ్డ
మీరు ఇరవై రెండేళ్లు. మా తాతలు వంద ఏళ్ల నుంచి చూస్తున్నారు. పేపర్లలో రాస్తారు, టీవీల్లో చెబుతారు. అందరూ తప్పు, మీరొక్కరే ఒప్పా?

రింగు_పరిశీలన
అందరూ కాపీ కొట్టుకుంటే తప్పు ఒప్పైపోదు. మీ తాతలు చూసింది పక్షి రావడం. ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు కదా.

నౌపడా_బిడ్డ
మా పెద్దల్ని మధ్యలోకి లాగకండి. మీ చదువు మీ దగ్గర ఉంచుకోండి.

గోదారిగట్టు_లక్ష్మి
ఇద్దరూ కాస్త ఆగండి. నౌపడా_బిడ్డ గారూ, మీ అమ్మమ్మ గారి మాటే తీసుకుందాం. ఆడపిల్ల పురిటికి ఎక్కడికి వెళ్తుంది? పుట్టింటికి. ఆ కొంగ గుడ్డు పెట్టేది, పిల్లని పెంచేది మీ చింతచెట్టు మీదే అయితే దాని పుట్టిల్లు తేలినీలాపురమే కదా. సైబీరియాలో పుట్టిన పిట్ట మన దగ్గరికి చలికి తట్టుకోలేక, తిండి కోసం వస్తుంది. వచ్చినచోట గూడు కట్టదు, తిరిగి వెళ్లాకే కడుతుంది. మీ అమ్మమ్మ గారు ఈ విషయంలో పేపర్లకంటే సరిగ్గా చెప్పారు.

ఉప్పుమడి
లక్ష్మి గారు చెప్పింది ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. పులికాట్ రాజహంసలదీ (ఫ్లెమింగోలదీ) ఇలాంటి కథే. వాటినీ సైబీరియా అంటారు, కానీ మన దేశంలో వాటి పెద్ద గూళ్ల కాలనీ కచ్ రణ్‌లో ఉంది.
పులికాట్ అన్నాను కాబట్టి: ఆగస్టులో వెళ్లొద్దు. మన ఆంధ్ర వైపు భాగం చాలావరకు ఎండిపోయి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాకే నిండుతుంది.

కోనసీమ_క్లిక్స్
బైనాక్యులర్ గురించి ఎవరూ చెప్పలేదు. 8×42 బాగానే ఉంటుంది, కానీ బురద పిట్టలకి స్కోప్ లేకపోతే చాలా మిస్సవుతారు. నేను 600 ఎంఎం లెన్స్‌తో వెళ్తాను. ఒక చిట్కా చెప్తాను, గుంపు దూరంగా కూర్చుంటే ఫ్రేములో జీవం ఉండదు. మావాడొకడు అటు చివర నుంచి పరిగెత్తుకుంటూ వస్తాడు, రెండు వేల పిట్టలు ఒకేసారి లేస్తాయి. ఆ తెల్లటి రెక్కల మెరుపు... నా బెస్ట్ షాట్లన్నీ అలా వచ్చినవే.

రింగు_పరిశీలన
సిగ్గుండాలి.

ఉప్పుమడి
కోనసీమ_క్లిక్స్ గారూ, నేను మామూలుగా కోపం తెచ్చుకోను. ఈసారి వచ్చింది. ఆగస్టులో దిగిన పిట్ట ఒంట్లో ఏమీ మిగలదు. శాటిలైట్ ట్యాగ్ కట్టిన ఒక గాడ్‌విట్ (పొడవు ముక్కు తీరపక్షి) పిల్ల, ఐదు నెలల వయసుది, 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో ఎగిరింది. ఆ జాతి ప్రయాణానికి ముందు ఒంట్లో సగం బరువు కొవ్వే ఉండేలా తింటుంది, పేగుల్ని కూడా కుదించుకుంటుంది. దిగాక కొవ్వు ఉండదు, పేగులు మళ్లీ పెరగాలి. నిండు పోటు ఉన్న ఆ రెండు మూడు గంటలే వాటికి నిద్ర. మీవాడు పరిగెత్తేది ఆ నిద్ర మీదికి.

కోనసీమ_క్లిక్స్
రోజూ కుక్కలు తరుముతున్నాయి, జీపులు తిరుగుతున్నాయి. వాటినేం అనరు. మా ఫొటోలు చూసే కదా జనానికి పక్షుల మీద ఇష్టం పుట్టేది.

గోదారిగట్టు_లక్ష్మి
కుక్కకి తెలియదు. మీకు తెలుసు.

రొయ్యలసాగు_భీమవరం
పిట్టల నిద్ర గురించి ఇంత బాధపడేవాళ్లు రైతు నిద్ర గురించి కూడా ఒక మాట మాట్లాడితే బాగుండేది. నా చెరువు పక్క చెరువులో వైట్ స్పాట్ (రొయ్యల వైరస్ జబ్బు) వచ్చింది. చచ్చిన రొయ్యని కాకి ఎత్తుకొచ్చి నా చెరువులో పడేసింది. నాలుగు రోజుల్లో పంట మొత్తం పోయింది. అప్పటి నుంచి చెరువు మీద దారాలు కట్టాను, టపాసులు కాలుస్తాను. కాలుస్తూనే ఉంటాను.

రింగు_పరిశీలన
మీ నష్టం నిజమే. కానీ కాకి, కొంగ, నీటికాకి వేరు, ఉల్లంకులు (బురద పిట్టలు) వేరు. ఉల్లంకి తినేది బురదలో పురుగుల్ని, చిన్న చిన్న గుల్లల్ని. పట్టుబడి అయ్యాక చెరువు ఆరబెట్టినప్పుడు దిగుతుందంతే. నిండు చెరువులో దాని కాళ్లు అందవు.

రొయ్యలసాగు_భీమవరం
అది నిజమే, ఆరబెట్టిన చెరువులోనే వందల్లో దిగుతాయి. వాటిని ఎప్పుడూ కొట్టలేదు. కానీ టపాసు పేలితే ఏ పిట్ట లేస్తుందో నేను ఎలా ఆపను? దారాలకి రంగు రిబ్బన్లు కడితే పిట్టలు తగులుకోకుండా తప్పుకుంటాయని మా తమ్ముడు అంటాడు. ఈసారి కట్టి చూస్తాను.

తీరబాటసారి
చాలా తెలుసుకున్నాను, థాంక్స్. కానీ పిల్లాడి గురించి, కోరంగి గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకో సందేహం. ఎర్రకాళ్ల కొంగ సైబీరియాది కాదంటే, అసలు సైబీరియా పిట్ట ఏదీ మన దగ్గరికి రాదా?

రింగు_పరిశీలన
వస్తుంది. లక్షల్లో వస్తుంది, ఎవరూ చూడరు. లిటిల్ స్టింట్ అని పిచ్చుకంత ఉంటుంది, బరువు సుమారు 25 గ్రాములు. కర్ల్యూ స్యాండ్‌పైపర్ దానికంటే కాస్త పెద్దది, ముక్కు కిందికి వంగి ఉంటుంది. ఇవి గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన, తైమిర్ లాంటి టండ్రాల్లో. మనం కొంగకి ఇచ్చిన పేరు నిజానికి వీటిది. నాకు బాధ కలిగేది అందుకే, నౌపడా_బిడ్డ గారి మీద కోపంతో కాదు.
ఆగస్టులో ఎందుకు వెళ్లాలో చెప్తాను. కర్ల్యూ స్యాండ్‌పైపర్ మగది గుడ్లు పొదగదు, జూలై మొదట్లోనే బయలుదేరుతుంది. తర్వాత ఆడవి, చివర ఆ ఏడు పుట్టిన పిల్లలు. తల్లీ తండ్రీ తోడు లేకుండా, దారి చూపేవాళ్లు లేకుండా, రెండు నెలల పిల్ల అక్కడి నుంచి మన బురద దాకా వస్తుంది. ఆగస్టులో దిగే పెద్దవాటి పొట్ట మీద ఇంకా ఇటుక రంగు మచ్చలుంటాయి. పిల్లలు సెప్టెంబర్ నుంచి ఎక్కువగా కనిపిస్తాయి, వీపు మీద ఈకల అంచులు పొలుసుల్లా తెల్లగా, శుభ్రంగా ఉంటాయి. నవంబరుకల్లా అన్నీ బూడిద రంగుకి తిరిగిపోతాయి, ఇక ఎవరు ఎవరో చెప్పడం చాలా కష్టం. జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకి వచ్చేవాళ్లు ఈ రంగులు చూడనే చూడరు.

పోటుగాలి
లెమ్మింగుల సంగతి కూడా చెప్పండి సార్. టండ్రాలో లెమ్మింగ్ ఎలుకలు బాగా ఉన్న ఏడు నక్కలు వాటినే తింటాయి, పిట్ట పిల్లలు బతుకుతాయి. లెమ్మింగులు పడిపోయిన ఏడు నక్కలు గూళ్ల మీద పడతాయి. మన ఉప్పు మడుల్లో సెప్టెంబర్ గుంపులో పిల్లలు ఎన్ని, పెద్దవి ఎన్ని అని లెక్కపెడితే అక్కడ ఎలుకలకి ఆ ఏడు ఎలా గడిచిందో ఇక్కడి నుంచే అంచనా వేయొచ్చు. నేను ప్రతి ఏడూ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఇంకొకటి, లెస్సర్ స్యాండ్ ప్లోవర్ అని రాసుకునేవాళ్లు జాబితా మార్చుకోండి. ఇప్పుడు అది రెండు జాతులు, సైబీరియన్ ఒకటి, టిబెటన్ ఒకటి. మన దగ్గరికి వచ్చేవి దాదాపు టిబెటన్‌వే.

కోనసీమ_క్లిక్స్
మళ్లీ సైబీరియా పేరున్నది మాత్రం మనకి రాలేదన్నమాట.
లక్ష్మి గారూ, రాత్రంతా మీ మాటే గుర్తొచ్చింది. మావాడికి చెప్పాను, ఇక పరిగెత్తడు.

గోదారిగట్టు_లక్ష్మి
సంతోషం తమ్ముడూ.
తీరబాటసారి గారూ, పిల్లల సంగతి నేను చెప్తాను, మా అమ్మాయిని ఏడేళ్లప్పటి నుంచి తీసుకెళ్తున్నాను. బురదలోకి దింపొద్దు. పైకి గట్టిగా కనిపిస్తుంది, రెండడుగులు వేశాక మోకాలి దాకా దిగిపోతుంది. కిందున్న గుల్లలు కాలు కోస్తాయి. పోటు ఎక్కేటప్పుడు వెనక కాలవ నిండిపోయి దారి మూసుకుపోవడం నాకు ఒకసారి అనుభవమైంది. గట్టు మీదే ఉండండి. పక్షి పేర్లు బట్టీ పట్టించొద్దు. ఒక పని అప్పజెప్పండి. మా అమ్మాయికి మొదటి రోజు తోక ఆడించే పిట్టల్ని లెక్కపెట్టమన్నాను. కామన్ స్యాండ్‌పైపర్ నిలబడ్డ చోట తోక ఆడిస్తూనే ఉంటుంది, ముందుగా వచ్చేవాటిలో అదొకటి. తర్వాత చెవులతో పట్టించాను. మూడు గట్టి ఈలలు వేస్తే గ్రీన్‌షాంక్, ఏడు ఈలలు వరసగా గలగలమంటే వింబ్రెల్. ఇప్పుడు నాకంటే ముందు తనే చెబుతుంది.
కోరంగి మడ అడవి చాలా అందంగా ఉంటుంది. కానీ చెట్ల మధ్య చెక్కవంతెన మీద నడిస్తే బురద పిట్టలు తక్కువ కనిపిస్తాయి, అవి బయటి బురద మైదానాల్లో ఉంటాయి. హోప్ ఐలాండ్ వైపు పడవలు వానాకాలంలో నడుస్తున్నాయో లేదో అటవీ శాఖ వాళ్లని ముందే అడగండి. గ్రేట్ నాట్ లాంటి అంతరించిపోతున్న పిట్టలు కూడా ఆ వైపు బురదలకి వస్తాయి.

నౌపడా_బిడ్డ
నిన్న అమ్మమ్మకి ఫోన్ చేసి లక్ష్మి గారి మాట చెప్పాను. "నేనెప్పుడూ సైబీరియా అనలేదురా, అది మీ బడిలో చెప్పారు" అంది. రింగు_పరిశీలన గారూ, మీ మాట తీరు నాకింకా నచ్చలేదు. కానీ మా నౌపడా ఉప్పు మడుల్లో మీరు చెప్పిన చిన్న పిట్టలు ఎప్పుడూ ఉంటాయి, మేం పట్టించుకోలేదు. ఇవాళ సాయంత్రం పోటుకి గట్టు మీద కూర్చున్నాను. గోధుమ రంగువి చిన్నవి మూడు వందల దాకా ఉన్నాయి. ముక్కు వంగినవి కూడా కొన్ని. ఒకదాని కాలికి రంగు ప్లాస్టిక్ ముక్క లాంటిది ఉంది. ఎవరైనా దారం కట్టి హింసించారా?

రింగు_పరిశీలన
దారం కాదు! అది జెండా. పరిశోధకులు కట్టేది. దాని మీద అక్షరాలు ఉంటాయి. రంగు ఏంటి? ఏ కాలికి, మోకాలి పైనా కిందా? ఫొటో తీశారా? ఆ అక్షరాలు, తేదీ, చోటు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే అది ఎక్కడ, ఎప్పుడు కట్టించుకుందో తెలుస్తుంది. ఇరవై రెండేళ్లలో నాకు పూర్తిగా చదవగలిగినవి తొమ్మిదే దొరికాయి. మాట తీరు సంగతి క్షమించండి.

నౌపడా_బిడ్డ
నా ఫోన్‌లో మసగ్గా వచ్చింది. మొదటి అక్షరం, చివరి అక్షరం అర్థమవుతున్నాయి, మధ్యది కాదు. రేపు కూడా పెద్ద పోటే ఉంది. బైనాక్యులర్ లేదు.

కోనసీమ_క్లిక్స్
నా దగ్గర 600 ఎంఎం ఉంది. రాత్రి బండెక్కుతున్నాను, తెల్లారేసరికి నౌపడా స్టేషన్‌లో ఉంటాను. గట్టు మీద కూర్చునే తీస్తాను, ఒక్క అడుగు ముందుకి వేయను.