అప్‌డేట్: నాన్న డబుల్ బ్యారెల్ తుపాకీకి తుప్పు ఎందుకు పడుతోందో తెలిసింది

మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో నాన్న పేరు మీద లైసెన్స్ ఉన్న పాత 12 బోర్ తుపాకీకి, ఎంత నూనె పూసినా వానాకాలంలో ఎర్ర మచ్చలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఇక్కడ అడిగాను కదా, అది తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా తోలు కవర్ సంగతి అడిగిన అన్నకు.

కారణం ఆ తోలు కవరే, తుపాకీని అందులోనే పెట్టి ఉంచేవాళ్లం. నాన్న హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న రిపేర్ ఆయనకు చూపిస్తే, తోలు గాలిలోని చెమ్మను పీల్చి పట్టుకుంటుందని, దాన్ని శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు కూడా ఇనుముకు పడవని చెప్పారు. మచ్చలు పైపైనే ఉన్నాయి, గొట్టం లోపల శుభ్రంగా ఉంది. నూనె వేసి, అన్నిటికంటే సన్నని నాలుగు సున్నాల (0000) స్టీల్ ఊల్‌తో, అంటే ఉక్కు పీచుతో, మెల్లగా రుద్దితే తుప్పు పోయింది, నల్లటి బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఉక్కు మీద రసాయనాలతో తెచ్చే పైపొర) నిలిచింది. కొత్తగా బ్లూయింగ్ చేయించే అవసరమే రాలేదు.

డబ్ల్యూడీ-40 స్ప్రే వాడొచ్చా అని ఇక్కడ పెద్ద చర్చ జరిగింది. అది తడిని తరుముతుంది కానీ ఎక్కువ కాలం కాపాడదు, తుడిచేసి పైన గన్ ఆయిల్ పలుచగా పూయాలి. వంటనూనెలు మాత్రం అస్సలు వద్దు, జిగురుగా మారి లోపలి భాగాలు పట్టేస్తాయి.

ఇప్పుడు తాళం వేసిన బీరువాలో, కవర్ లేకుండా, చెమ్మ పీల్చే సిలికా జెల్ పెట్టి, గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెడుతున్నాం, లేకపోతే నూనె జారి వెనక ఉన్న కట్టె భాగంలోకి దిగుతుందట. నాన్న ముట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు నూనె గుడ్డతో తుడుస్తున్నాడు, చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి. ఈ వానలన్నీ పోయినా ఒక్క మచ్చ రాలేదు.