ఆడ పశువుల వధ ఎంత పెరిగితే మంద తరుగుతున్నట్టు?

అమెరికా పశుగణన అంకెలు చదువుతుంటే ఒక విషయం తెగడం లేదు, తెలిసినవారు దయచేసి వివరించండి.

2025 జనవరి 1 నాటికి అక్కడ ఆవులు, ఎద్దులు, దూడలు కలిపి సుమారు 8.67 కోట్లు. 1951 తర్వాత అప్పటివరకు ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. కరవుకు గడ్డి ఎండిపోయి, మేత ఖర్చు భరించలేక రైతులు ఈనే ఆవులను కూడా కబేళాకు పంపారు. అప్పటికి మాంసం సరఫరా పెరిగినట్టే కనిపిస్తుంది, నష్టం మాత్రం ఆ తర్వాతే బయటపడుతుంది. నన్ను కలవరపెడుతున్నది ఇదే. పెయ్యను ఉంచుకున్నా, అది పుట్టాక ఈనడానికి దాదాపు రెండేళ్లు, దాని దూడ ఎదగడానికి మరో ఏడాదిన్నర.

వధించిన వాటిలో ఆడ పశువుల వాటా ఎంత దాటితే ప్రమాదం? పాడి ఆవులను విడిగా లెక్కించాలా? రైతులు మళ్లీ పెయ్యలను నిలుపుకుంటున్నారని ముందుగా ఏ అంకె చెబుతుంది?