ఒకే నెఫ్రాన్‌కు రెండు వడపోత రేట్లు ఎలా వస్తాయి?

ప్రశ్న:
ఎలుక మూత్రపిండంలో సన్నని గాజు పిపెట్‌తో ఒక్కొక్క నెఫ్రాన్ (రక్తాన్ని వడకట్టి మూత్రం తయారుచేసే సూక్ష్మ గొట్టం) నుంచి ద్రవం సేకరించే ప్రయోగాల గురించి చదువుతున్నాను. గ్లోమరులస్‌లో (నెఫ్రాన్ మొదట్లో ఉండే, రక్తం వడకట్టబడే కేశనాళికల ముద్దలో) వడకట్టబడిన ఇన్యులిన్ (వడపోతను కొలవడానికి రక్తంలోకి ఎక్కించే పిండిపదార్థం) నాళిక గోడల గుండా బయటికి పోదు కాబట్టి, ద్రవాన్ని ఎక్కడ సేకరించినా వడపోత రేటు ఒకటే రావాలి. అయినా సమీపస్థ నాళికలో (గ్లోమరులస్ తరువాతి మొదటి భాగంలో) వచ్చే విలువ, దూరస్థ నాళికలో (చివరి వైపు భాగంలో) వచ్చేదానికన్నా ఎక్కువగా ఉంటుందట. మధ్యలో ద్రవం ఎక్కడైనా కారిపోతోందా, లేక కొలిచే పద్ధతిలోనే లోపముందా?

జవాబు 1:
కారిపోవడమేమీ లేదండీ. సమీపస్థ నాళికలో సేకరించేటప్పుడు పిపెట్‌కు దిగువన నూనె బొట్టుతో దారి మూసేస్తారు. దాంతో హెన్లీ శిక్యం (ఆ రెండు నాళికల మధ్య వంపు తిరిగి ఉండే గొట్టం) చివర, అదే నెఫ్రాన్ గ్లోమరులస్‌ను ఆనుకుని ఉండే మాక్యులా డెన్సా కణాలకు ప్రవాహం అందదు. వడపోత తగ్గిపోయినప్పుడు ఎలా స్పందిస్తాయో అప్పుడూ అలాగే స్పందించడంతో అభివాహి ధమనిక (గ్లోమరులస్‌కు రక్తం తెచ్చే సన్నని ధమని) సడలి, వడపోత నిజంగానే పెరుగుతుంది. దూరస్థ నాళిక ఆ కణాలను దాటిన తరువాత వస్తుంది కనుక అక్కడ సేకరించినప్పుడు ఈ అంతరాయం ఉండదు. రెండు కొలతలూ సరైనవే, కాకపోతే అవి కొలిచిన పరిస్థితులు వేరు.

జవాబు 2:
పై జవాబుకు నేరుగా రుజువు ఉంది. సమీపస్థ నాళికను మైనంతో మూసి, దాని దిగువన మరో పిపెట్‌తో శిక్యంలోకి నిమిషానికి 0 నుంచి 40 నానోలీటర్ల దాకా ద్రవం పంపుతూ పోతే, పైన కొలిచే వడపోత క్రమంగా తగ్గుతుంది. ఈ తగ్గుదల సరళరేఖలా ఉండదు. సహజ ప్రవాహం ఉండే పరిధిలోనే వక్రరేఖ నిటారుగా దిగుతుంది, అందుకే చిన్న మార్పుకు కూడా స్పందన గట్టిగా ఉంటుంది. ప్రవాహం పెరిగితే శిక్యం ఆరోహక భాగంలో ఉప్పు పీల్చుకోవడానికి వ్యవధి చాలక, మాక్యులా డెన్సా వద్ద సోడియం క్లోరైడ్ గాఢత పెరుగుతుంది. ఆ కణాలు సోడియం-పొటాషియం-క్లోరైడ్ సహవాహకం (ఈ మూడింటినీ కలిపి కణంలోకి తీసుకెళ్లే ప్రోటీన్) ద్వారా దాన్ని గ్రహించి ఏటీపీని విడుదల చేస్తాయి. దాని నుంచి ఏర్పడే అడెనోసిన్ ఏ1 గ్రాహకాల మీద పనిచేసి ధమనికను ముడుస్తుంది. ఆ సహవాహకాన్ని అడ్డుకునే ఫ్యూరోసెమైడ్‌ను ద్రవంలో కలిపితే స్పందన ఆగిపోతుంది. చాలామంది దీన్ని రెనిన్ (యాంజియోటెన్సిన్ తయారీని మొదలుపెట్టే మూత్రపిండ ఎంజైమ్) పని అనుకుంటారు గానీ, ఉప్పు పెరిగితే రెనిన్ విడుదల తగ్గుతుంది. రక్తనాళాలను ముడిచే హార్మోన్ యాంజియోటెన్సిన్ ఈ స్పందన తీవ్రతను మాత్రమే పెంచుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే వడపోత చివరికి ఒక విలువ దగ్గర స్థిరపడుతుందని అనుకోవచ్చా?

జవాబు 2:
సగటున స్థిరపడుతుంది, క్షణక్షణానికీ కాదు. గ్లోమరులస్‌లో మారిన వడపోత శిక్యమంతా ప్రయాణించి మాక్యులా డెన్సాను చేరడానికి కొంత సమయం పడుతుంది, ఆ ఆలస్యం వల్ల సవరణ ఒకసారి ఎక్కువై, మరోసారి తక్కువవుతూ ఉంటుంది. మత్తుమందు ఇచ్చిన ఎలుకల్లో నాళికలోని పీడనం నిమిషానికి రెండు మూడు సార్లు ఇలా ఊగిసలాడడం కనిపిస్తుంది. వంశపారంపర్యంగా అధిక రక్తపోటు ఉన్న ఎలుకల్లో ఆ లయ అస్తవ్యస్తంగా ఉంటుంది. పైగా ఒకే ధమని శాఖ నుంచి రక్తం అందుకునే పక్కపక్క నెఫ్రాన్‌లు తరచుగా కలిసి ఊగుతాయి. అందుచేత ద్రవ సేకరణ కొన్ని ఊగిసలాటలు పూర్తయ్యేంతసేపు సాగాలి. అరనిమిషం నమూనాతో వచ్చిన అంకెను ఆ నెఫ్రాన్ వడపోత రేటుగా తీసుకోలేము.