క్రోషియాతో పగడపు దిబ్బ: అంచుకు ముడతలు ఎలా వస్తాయి?

లేసుపని:
నమస్కారం. మాది నరసాపురం ప్రాంతం, చిన్ననాటి నుంచి లేసు అల్లుతున్నాను. మార్గరెట్, క్రిస్టీన్ వెర్తైమ్ అనే కవల సోదరీమణులు 2005లో లాస్ ఏంజెలిస్‌లో మొదలుపెట్టిన ఊలు పగడపు దిబ్బ ఫొటోలు చూసినప్పటి నుంచి అటువంటిది ఒకటి నా చేత్తో అల్లాలని ఉంది. కానీ నేను ఎన్నిసార్లు అల్లినా అది బల్లమీద వేసే గుండ్రటి లేసులాగా చదునుగానే ఉంటోంది. ఆ ముడతలు ఎలా తెప్పించాలి? వారు కొన్ని పగడాలను పూర్తిగా తెల్లదారంతో అల్లడానికి కారణమేమిటి?

లెక్కల మాస్టారు:
మీ చేతిలో లోపం లేదమ్మా, కిటుకంతా లెక్కలో ఉంది. చదునైన లేసులో ప్రతి వరుసకూ ఒకే సంఖ్యలో, ఉదాహరణకు ఆరేసి కుట్లు, పెంచుతాము కాబట్టి 30 కుట్లతో మొదలైన అంచు పది వరుసల తరువాత 90 అవుతుంది. అలా కాకుండా ప్రతి ఐదు కుట్లకూ ఒకటి చొప్పున, అన్ని వరుసలలోనూ అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే, అదే 30 పది వరుసలకు సుమారు 185 అవుతుంది. అంత అంచుకు చదునుగా పరుచుకునే చోటు ఉండదు కనుక అది తప్పనిసరిగా పైకీ కిందికీ లేస్తుంది. ఇలా అంచుకు పోయేకొద్దీ విస్తరిస్తూ ముడతలు పడే ఉపరితలాన్ని గణితంలో హైపర్బోలిక్ తలం అంటారు. దాన్ని ఇలా అల్లి చూపవచ్చని 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా తైమిన్యా గుర్తించారు, ఆ సోదరీమణులు అందుకున్నది ఆ పద్ధతినే. కొంచెం లావు దారంతో బిగువుగా అల్లండి, లేకపోతే ముడతలు వాలిపోతాయి.

కడలి:
తెలుపు గురించి చెబుతాను. పగడపు జీవి కణజాలంలో ఉండే సూక్ష్మమైన నాచే దానికి ఆహారంలో అధికభాగాన్నీ, రంగునూ ఇస్తుంది. సముద్రజలం మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలపాటు ఉన్నా పగడం ఆ నాచును వెళ్లగొడుతుంది, అప్పుడు పారదర్శకమైన ఒంటిలోంచి సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. ఆ సోదరీమణుల సొంత రాష్ట్రమైన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బకు 2016, 2017లలో వరుసగా ఇదే జరిగింది. అయితే తెల్లబడిన పగడం వెంటనే చనిపోదు, వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. అందువల్ల మీరు తెల్లగా అల్లినా ఒక కొమ్మ మొదట్లో కాస్త రంగు మిగల్చమని నా మనవి. కొత్త ఊలు కొనవలసిన పని కూడా లేదు. పోర్చుగల్ కళాకారిణి వనెస్సా బరగావ్ తివాచీ మిల్లులలో మిగిలిపోయిన ఊలుతోనే ఇటువంటి పగడపు తివాచీలు చేస్తారు.

లేసుపని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారి లెక్క ప్రకారం అల్లితే ఏడో వరుసకే అంచు పైకి లేచింది, మా అత్తగారు కూడా సూది పట్టుకుని కూర్చున్నారు. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో పెట్టిన దిబ్బకు దాదాపు 4,000 మంది అల్లిన 40,000 పగడాలు వచ్చాయని, అల్లినవారి పేర్లు కూడా ప్రదర్శించారని చదివాను. మా ఇంటి నుంచి వెళ్లిన లేసుమీద అల్లినవారి పేరు ఏనాడూ లేదు. ఈ పగడానికి మాత్రం అత్తగారి పేరూ నా పేరూ రాసిన చీటీ కట్టబోతున్నాను.