ఈజిప్టు మీద ట్రావెల్ అడ్వైజరీ ఉంది, అమ్మని తీసుకుని వెళ్ళొచ్చా?

వెన్నెల_ప్రయాణం:
నేనూ అమ్మా ఇద్దరమే వెళ్దామనుకుంటున్నాం. కైరో, లక్సర్, ఆస్వాన్, చివర్లో పశ్చిమ ఎడారిలో ఉన్న సివా ఒయాసిస్. అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాల హెచ్చరికలు చదివిన దగ్గర్నుంచి అన్నయ్య టికెట్లు రద్దు చేయమని ఒకటే గొడవ. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, నిజంగా అంత ప్రమాదమా?

ఎడారిబాటసారి:
దేశం పేరు చూసి బెదిరిపోకండి, మ్యాప్ చూడండి. బ్రిటన్ అసలు వెళ్ళొద్దంటున్నది ఉత్తర సినాయ్‌కి, లిబియా సరిహద్దు నుంచి 20 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి. కైరో, లక్సర్, ఆస్వాన్‌లకి ఆ మాట లేదు. అమెరికా ఈజిప్టుకి పెట్టింది లెవెల్ 2 (నాలుగు మెట్లలో రెండోది, కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండమని), ఫ్రాన్స్‌కీ అదే లెవెల్ 2, మరి పారిస్ వెళ్తానంటే ఏ అన్నయ్యా టికెట్లు రద్దు చేయమనడు. నాకు అక్కడ గుండె జారింది కైరోలో రోడ్డు దాటేటప్పుడే. రాత్రిపూట హైవే ప్రయాణాలు పెట్టుకోకండి, పోలీసుల్నీ మిలిటరీ కట్టడాల్నీ ఫోటో తీయకండి, డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి, అనుమతి లేకుండా తెస్తే కేసే. సివాకి లైసెన్సున్న ఏజెన్సీతో వెళ్ళండి, ఊరు దాటి ఎడారిలోకి పోవాలంటే పర్మిట్ ఉండాలి.

పెట్టెసర్దు:
టూరిస్టు పోలీసు నంబరు 126. సేవ్ చేసుకోండి.

ముందుచూపు:
పర్మిట్ ఉంటే చాలన్నట్టు చెప్తున్నారే! 2015 సెప్టెంబరులో పశ్చిమ ఎడారిలో మెక్సికో టూరిస్టుల బండ్లని తీవ్రవాదులవి అనుకుని ఈజిప్టు బలగాలే కాల్చాయి, 12 మంది పోయారు. పర్మిట్ ఉన్నవాళ్ళే. 2018 డిసెంబరులో కైరో పక్కనే ఉన్న గీజాలో టూరిస్టు బస్సు పక్కన బాంబు పేలి ముగ్గురు వియత్నాం వాళ్ళూ గైడూ పోయారు. ఆ బస్సులో వాళ్ళు ఏ జాగ్రత్త మర్చిపోయారో చెప్పండి.

ఎడారిబాటసారి:
మెక్సికో వాళ్ళు నిషేధిత ప్రాంతంలోకి వెళ్ళారని అధికారులు అన్నారు. అది వదిలేశారేం?

ముందుచూపు:
గైడ్ల సంఘం పర్మిట్ కాపీ బయటపెట్టింది. పోలీసు ఎస్కార్ట్ కూడా ఉందంది.

ఎడారిబాటసారి:
కాపీ ఉండటం వేరు, ఆ రూటులోనే వెళ్ళడం వేరు.

ఉత్తరగాలి:
ఆవిడ అడిగింది వాళ్ళమ్మ గురించి మహాప్రభో, పర్మిట్ మీద పంచాయతీ ఏమిటి?

ముందుచూపు:
సరే, అమ్మ గురించే చెప్తా. మా తమ్ముడు ఇలాగే ఎవరో ధైర్యం చెప్తే హెచ్చరిక ఉన్న ఒక దేశం వెళ్ళాడు (ఈజిప్టు కాదు). గొడవలై విమానాలు ఆగిపోయాయి. హెచ్చరిక ఉన్న దేశానికి వెళ్తే డబ్బు రాదని పాలసీలోనే ఉందంటూ ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేశారు. అమ్మ ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునేది, ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి టికెట్ కొన్నది నేను. వాడికి ధైర్యం చెప్పినవాళ్ళెవరూ రూపాయి ఇవ్వలేదు.

ఎడారిబాటసారి:
మీ తమ్ముడి మీద కోపం ఈజిప్టు మీద తీర్చుకుంటే ఎలా మేడమ్? 2015 అక్టోబరు 31న షర్మ్ ఎల్ షేక్ నుంచి బయల్దేరిన రష్యా విమానం కూలి 224 మంది పోయారు, ఘోరమే, కాదనను. కానీ ఆ ఊరికి తన విమానాల మీద పెట్టిన నిషేధం బ్రిటన్ ఎత్తేసింది 2019 అక్టోబరులో! లక్సర్‌లో నాకు తెలిసిన గైడ్ ఆ రోజుల్లో పని లేక కారు అమ్ముకున్నాడు. మీలాంటివాళ్ళు ఇంట్లో కూర్చుని ఒక్క లైను చదివి వద్దు అనేస్తారు, అక్కడ పొయ్యి ఆరిపోతుంది.

ముందుచూపు:
ఇప్పుడు బయటపడింది! మీరు వీళ్ళకి సలహా చెప్పట్లేదు, మీ గైడ్ కోసం మాట్లాడుతున్నారు. ఆయన కష్టం నిజమే కావచ్చు, దానికి ఈవిడ వాళ్ళమ్మని పణం పెట్టాలా?

ఎడారిబాటసారి:
మీరు మాత్రం? ఏదైనా అయితే డబ్బు కట్టాల్సిన అన్నయ్య తరఫున మాట్లాడుతున్నారు. ఆవిడకేం కావాలో మీరూ అడగలేదు.

ముందుచూపు:
అవును, అన్నయ్య తరఫునే. కట్టేవాడికి మాట ఉండకూడదా?

ఉత్తరగాలి:
ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఇద్దరూ మొదటి రోజే చెప్పేసుంటే సరిపోయేది.

వెన్నెల_ప్రయాణం:
అమ్మకి మొత్తం చదివి వినిపించాను. సివా తీసేద్దాం, లిబియా సరిహద్దు 50 కిలోమీటర్లే అన్నాను. "కావాలంటే లక్సర్ తీసెయ్, నేను బయల్దేరేదే సివా కోసం" అంది. అన్నయ్య ఖర్చు కాదు, తన పెన్షన్ డబ్బేనట. ఈ మాట నేను ముందే రాయాల్సింది.

ముందుచూపు:
అయితే ఆవిడ ఇష్టం. పాలసీ తీసుకునే ముందు సివా పేరు రాసి, అక్కడ ఏదైనా అయితే కట్టేదీ లేనిదీ మెయిల్లో అడగండి. ఫోన్‌లో చెప్పింది నమ్మకండి.

ఎడారిబాటసారి:
ఏజెన్సీని పర్మిట్ కాపీ కూడా ముందే పంపమనండి, రూటుతో సహా.