మూడో లైనర్ బ్లాకులోంచి కదలడం లేదు: బ్లాకు పగలకుండా తీసే మార్గం చెప్పగలరా?

నమస్కారం. గుంటూరు దగ్గర మా పొలంలో నడిచే మూడు సిలిండర్ల పాత ట్రాక్టరులో ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారడంతో, లైనర్ల (ఇంజన్ బ్లాకులో అమర్చే, లోపల పిస్టన్లు కదిలే గొట్టాల) అడుగున ఉండే రబ్బరు రింగులు పాడై నీళ్లు సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగుతున్నాయని అనుమానించి, హెడ్డు, పిస్టన్లు, క్రాంక్ షాఫ్ట్ విప్పి బ్లాకును బల్ల మీదకు చేర్చాను. ఇవి చుట్టూ నీళ్లు తిరిగే తడి లైనర్లు. విజయవాడ ఆటోనగర్ నుంచి అద్దెకు తెచ్చిన పుల్లర్‌తో (లైనర్లను పైకి లాగే పనిముట్టుతో) రెండు సులువుగానే వచ్చాయి. మూడోది రెండు రోజులుగా వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో బోరు నీళ్లే పోశాము. ఆ సున్నపు పొర, తుప్పు కలిసి దాన్ని పట్టేసి ఉంటాయి.

తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చినా ఫలితం లేదు. లైనర్ లోపలి గోడకు నిలువునా వెల్డింగ్ గీతలు వేస్తే, చల్లారేటప్పుడు అది కుంచించుకుని వదులవుతుందని ఒక మేస్త్రి గారు చెప్పారు. సూత్రం సబబుగానే తోస్తున్నా, పోత ఇనుప బ్లాకు ఎక్కడ చిట్లుతుందోనని వెనుకాడుతున్నాను. ఈ బండి మా నాన్నగారు కొన్నది, దాన్ని పోగొట్టుకోలేను.

అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి: బ్లాకును నెమ్మదిగా వేడి చేసి పుల్లర్ బిగించడం మేలా, కింది నుంచి గట్టి చెక్క దిమ్మ ఆనించి జాక్‌తో నెట్టడం మేలా? రింగులు ఆనే చోట తుప్పు గుంటలు కనిపిస్తే ఎంతవరకు ఎమరీ కాగితంతో సరిపెట్టవచ్చు? కొత్త లైనర్ అంచు బ్లాకు పైతలం కంటే ఎంత ఎత్తున నిలిచిందో డయల్ గేజ్‌తో చూసేటప్పుడు, రబ్బరు రింగులు తొడగకుండానే కొలవాలా?