పడిపోయిన గ్రీకు స్తంభాలను మళ్లీ లేపాలా, పడినచోటే ఉంచాలా?

రాతిబిళ్ల:
2000కి ముందు గ్రీసులోని నెమియా చూసినవాళ్లు ఇప్పుడు మళ్లీ వెళితే చోటు మారిందేమో అనుకుంటారు. అప్పట్లో అక్కడి గ్రీకు దేవుడు జ్యూస్ గుడిలో నిలబడి ఉన్నవి మూడే స్తంభాలు. 2002లో రెండు, 2013 నాటికి ఇంకో నాలుగు లేపారు. ఇప్పుడు తొమ్మిది. లేపడమే సరైన పని అంటాను. ఎత్తులో నెమియా స్తంభానికీ ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి స్తంభానికీ పెద్ద తేడా లేదు, రెండూ 10 మీటర్ల పైచిలుకే. కానీ నెమియాది బాగా సన్నం. స్తంభంగా పేర్చిన గుండ్రటి రాతి దిమ్మెలు గడ్డిలో దొర్లి ఉంటే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

పడమటిగాలి:
గ్రీసులోనే ఉన్న ఒలింపియా వెళ్లి అక్కడి జ్యూస్ గుడి దక్షిణం వైపు నిలబడండి. దిమ్మెలు ఒకదాని పక్కన ఒకటి, కోసిన అరటికాయ చక్రాల్లా వరసగా ఒరిగి ఉంటాయి. 6వ శతాబ్దపు భూకంపాలు ఆ గుడిని ఎటు తోశాయో ఆ వరసే చెబుతుంది. 2004లో ఒక స్తంభం లేపారు. అన్నీ లేపితే ఆ సాక్ష్యం పోయినట్టే, మళ్లీ రాదు.

సీసంపోత:
అసలు ప్రమాదం లేపడంలో లేదు, ఎలా లేపారన్నదాంట్లో ఉంది. పార్థెనాన్ కట్టినవాళ్లు రాయికీ రాయికీ మధ్య ఇనుప బందు వేసి, చుట్టూ కరిగించిన సీసం పోశారు. నీరు ఇనుముకు తగలదు. రాళ్లు కదిలినా మెత్తటి సీసం కొంత ఓర్చుకుంటుంది. 1898 నుంచి 1933 దాకా పార్థెనాన్ మరమ్మతులు చేయించిన ఇంజనీరు నికోలావోస్ బలానోస్ ఇనుము వాడాడు గానీ సీసం పోయించలేదు. తడి తగిలి ఇనుము తుప్పుపట్టింది, తుప్పు ఉబ్బి పాలరాయిని లోపలినుంచి చీల్చింది. పైగా కొన్ని రాళ్లు వాటి చోట్లలో పెట్టలేదు. 1975లో ఏర్పడిన సంరక్షణ సంఘం అవన్నీ విప్పించి, ఇనుము తీసి టైటానియం పెట్టిస్తోంది. విరిగిన ముక్కకు అతుకు వేసేటప్పుడు పాతరాయిని చెక్కరు. విరుపుకు అచ్చు తీసి, దానికి సరిపోయేలా కొత్తరాయినే చెక్కుతారు. రేపు విప్పాల్సివస్తే పాతరాయి చెక్కుచెదరదు.

పడమటిగాలి:
పద్ధతి బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఎంత కొత్తరాయి దాకా? పాత కట్టడాల సంరక్షణకు నియమాలు పెట్టిన 1964 వెనిస్ ఒడంబడిక దొరికిన ముక్కలను తిరిగి కూర్చడానికే ఒప్పుకుంది, ఊహ మొదలయ్యేచోట ఆగమంది. క్రీట్ దీవిలోని క్నోసోస్‌లో, అక్కడ తవ్వకాలు జరిపిన ఆర్థర్ ఎవాన్స్ పోయించిన కాంక్రీటు చూడండి. అది గ్రీకులకంటే ముందటి మినోవన్ల కట్టడం, చూసేవాళ్లు ఇరవయ్యో శతాబ్దపు ఊహను వాళ్లదనుకుని ఫొటో తీసుకుంటున్నారు.

రాతిబిళ్ల:
క్నోసోస్‌ను నేనూ సమర్థించను. పార్థెనాన్‌లో ఆ మోసం లేదు. ఉత్తరం వైపు వరస చూడండి: తేనెరంగు పాతది, తెల్లగా మెరిసేది కొత్తది. అదీ పాతరాయిలాగే ఏథెన్స్ దగ్గరి పెంటెలీ కొండ పాలరాయే. అందులోని ఇనుము వల్ల ఏళ్లు గడిచేకొద్దీ రంగు తిరుగుతుంది, కాబట్టి ఈ తేడా ఇప్పుడే బాగా కనిపిస్తుంది. ఒలింపియాలో మాత్రం రెండో స్తంభం జోలికి పోకూడదు, అక్కడ మీతోనే ఉంటాను.